ఏనుగులకు నక్షాబాట
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ఉపన్యాసము)



ఒక పల్లెలో గ్రంథాలయము ఇరువదియైదేండ్లు తలుపు మూయక నిలుచుట సామాన్యమైన సంగతి కాదు. పురాణములు చదువువారు, పత్రికలు చదువువారు, చదువురాక ఇతరులు చదువగా వినువారు, అందరును దాని అరుగు నెక్కినవారే. ఇట్టి శుభసమయమున ఏనుగులను గూర్చిన ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. గంగారము అడవిలో ఏనుగుల మందలు లేవు. అయినను ఈ విషయము ఈ ఊరికి ఎంత దగ్గరిదో దయచేసి వినుడు.

రెండేండ్లకొకమారు మాఘమాసమున పూనుగొండ్లనుండి పగిడిద్దరాజును పూజారులు కాలినడకన అడవిదారిని మేడారమునకు తోడ్కొనిపోవుదురు. ఆ దారిని పట్టా చేసికొన్నవారు లేరు. దానికి కంచె లేదు, హద్దురాయి లేదు. అయినను దానికి అడ్డముగా గోడ కట్టుటకు ఎవ్వరికిని చేతులు రావు. తరతరముల నడకవలన ఏర్పడిన హక్కు అది.

ఇక నక్షా సంగతి. గ్రామపు నక్షాను విప్పి చూచిన రైతుకు తెలియును: అందు సర్వే నంబర్ల గీతలతోపాటు చెరువు శిఖము, బంచరాయి, శ్మశానము వేరువేరుగా గుర్తింపబడి యుండును. వానితోపాటు పొలముల నడుమనుండి పోవు బండ్లబాటయు ఉండును. దానినే నక్షాబాట యందురు. పొలము ఎన్ని చేతులు మారినను బాట మారదు. ఆ బాటను దున్నినవాడు తన మడికి రెండు సాళ్ళు కలుపుకొన్నాననుకొనును గాని, నిజమునకు పదిమంది పొలములకు దారి మూసినవాడగును. తగవులు అక్కడనే పుట్టును.

నేటి ప్రసంగసారము ఇంతియే. ఏనుగులకును ఇట్టి బాటలు కలవు. అవి నక్షాలోనికి ఎక్కలేదు. ఎక్కనందున దున్నబడినవి, త్రవ్వబడినవి, వానిపై ఇండ్లును గనులును లేచినవి. అందువలన ఇటు మనుష్యులును అటు ఏనుగులును చనిపోవుచున్నారు.

2024 ఏప్రిల్ 3వ తేదీన మహారాష్ట్రమునుండి ఒంటరి మగయేనుగు ఒకటి ప్రాణహిత దాటి కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో అడుగుపెట్టినది. చింతలమానేపల్లి మండలములో మిరపచేనిలో పనిచేసికొనుచున్న రైతును తొక్కి చంపినది. మరునాడు పెంచికలపేట మండలములో మరియొక రైతు దాని వాతబడెను. ఇరువదినాలుగు గంటలలోపల రెండిండ్లలో పొయ్యి ఆరినది. అటుపిమ్మట ఆ యేనుగు వచ్చిన వైపునకే మరలిపోయినది. ఏనుగు ఎదురైనప్పుడు ఎట్లు తప్పుకొనవలెనో ఆ పల్లెలకు తెలియదు. తెలియవలసిన అవసరము అంతకుముందు రాలేదు.

ఆ యేనుగు ఎక్కడిది? 2021 సంవత్సరమున ఛత్తీస్‌గఢ్‌నుండి ఒక మంద గడ్చిరోలి అడవులలోనికి వచ్చినది. ఛత్తీస్‌గఢ్‌లోనికి ఏనుగులు 1980వ దశకము చివరినుండి నేటి ఝార్ఖండ్, ఒడిశా ప్రాంతములనుండి వచ్చుచున్నవి. అక్కడ గనులకును, రహదారులకును, సాగునకును అడవులు ముక్కలు కాగా, అవి మేతకై పడమరకు కదలినవి. వానిలో ఒక మంద 2018లో మధ్యప్రదేశమందలి బాంధవగఢ్ చేరి అక్కడనే నిలిచినది. కావున చింతలమానేపల్లి మిరపచేనిలో జరిగిన ఘోరమునకు కారణము ఆ చేనిలో లేదు. దాని మొదలు వందలాది కోసుల ఆవల, ముక్కలైన అడవిలో ఉన్నది.

ఇచ్చట పోతనామాత్యుని స్మరింపవలెను. ఆయన బమ్మెర, పాలకుర్తి చెంతనున్నది, మనకు పొరుగే. గజేంద్రమోక్షణమున మొసలి పట్టును, ఏనుగు మొరను, శ్రీహరి రాకను ఎరుగని తెలుగింటి పిల్లవాడు లేడు. కాని మొర మొదలగుటకు ముందు పోతన చెప్పిన సంగతిని చాలమంది త్వరత్వరగా దాటిపోవుదురు. గజరాజు తన మందతో అడవిలో తిరుగుచు దారి తప్పినదనియు, దప్పికచే పరవశమై ఆడయేనుగులతో పోయి పోయి ఒక కొలనిని కనుగొన్నదనియు ఆయన వ్రాసినాడు. ఆపద యంతయు ఆ దారి తప్పుటనుండియే పుట్టినది. నాటి గజేంద్రుడు తనంతట దారి తప్పినాడు. నేటి ఏనుగులకు దారియే లేకుండ చేయబడినది.

పూర్వులు ఏనుగును వేడుకకు మాత్రమే చూడలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రము రాజు ఏనుగుల అడవులను ప్రత్యేకముగా కాపాడవలెననియు, వానికి ఒక అధ్యక్షుని నియమింపవలెననియు, ఏనుగును చంపినవానికి మరణదండనము విధింపవలెననియు శాసించుచున్నది. కావలివారు అడుగుజాడలు, పేడ, పండుకొన్న తావులు, ఒడ్లు విరిచిన గుర్తులు చూచి, మందలో తిరుగునది యేది, ఒంటరిది యేది యని వ్రాతలో లెక్క పెట్టవలెనట. ఏనుగుల జాతులను చెప్పునప్పుడు కళింగమువానిని ఆ గ్రంథము ఉత్తమములలో చేర్చినది. కాకతి గణపతిదేవుని గజసైన్యమునకు అధిపతియైన జాయపసేనాని నృత్తరత్నావళి రచించిన పండితుడు. 1213లో రేచర్ల రుద్రుడు ప్రతిష్ఠించిన రామప్పగుడి అధిష్ఠానముమీద ఏనుగుల బారులు నేటికిని నడచుచున్నవి. ఆ గుడికి 2021లో ప్రపంచ వారసత్వ గౌరవము లభించినది. రాతిలో నడచుచున్న ఏనుగునకు లోకమంతయు చేయెత్తి మ్రొక్కుచున్నది. ప్రాణముతో నడచు ఏనుగునకు మాత్రము నడచుటకు చోటు లేదు.

ఏనుగు ఎందుకింత తిరుగవలెనని కొందరు అడుగుదురు. ఒక చోట మేత వేసి నిలుపరాదా? ఎదిగిన ఏనుగునకు దినమునకు సుమారు 150 కిలోల పచ్చిమేత కావలెను. నూరు లీటర్లకు మించిన నీరు కావలెను. ఒకేచోట నిలిచినచో ఆ చోటు కొద్దినాళ్ళలో బోడి యగును. అందుచే ప్రకృతి దానికి తిరుగుడు నియమముగా పెట్టినది. వానలలో ఒక కొండ, ఎండలలో ఒక నది, వెదురు చిగిర్చినప్పుడు ఒక లోయ. ఈ లెక్క మందకు పెద్దయైన ముసలి ఆడయేనుగునకు తెలియును. ఆమె తన తల్లివెంట నడచి నేర్చినది, కూతుండ్రకు నేర్పును. మగయేనుగు యౌవనము రాగానే మందను విడిచి వేరొక చోటికి పోవును. ఆ పోకడవలననే ఒక మంద రక్తము మరియొక మందతో కలియును. దారి మూసిన యెడల అదియు నిలిచిపోవును. మంద తనలో తానే కుంగిపోవును. ఇరువదిరెండు నెలలు గర్భము మోసి ఒక్క పిల్లను కను జంతువు, ఒకమారు తగ్గిన సంఖ్యను తిరిగి పొందుటకు ఎంత కాలము పట్టునో ఊహింపవచ్చును. పేడలోని జన్యుపదార్థమును పరీక్షించి చేసిన లెక్క 2025లో వెలువడినది. దానినిబట్టి భారతదేశమున అడవి ఏనుగులు సుమారు 22,446 అని అంచనా.

కాకతీయులనాటి గొలుసుకట్టు చెరువులను చూచినవారికి ఇది విప్పి చెప్పనక్కరలేదు. పైచెరువు నిండి అలుగు పారిన నీరు కాలువవెంట క్రిందిచెరువునకు చేరును. ఎవడో ఆ కాలువను పూడ్చి పొలములో కలుపుకొన్నాడనుకొనుడు. క్రిందిచెరువు ఎండును, పైచెరువు కట్ట తెగి పొలములమీద పడును. నీరు చెడ్డదని ఎవరును అనరు. కాలువ ఏదని అడుగుదురు. అడవులు చెరువులవంటివి, నడుమనున్న సన్నని అడవిపట్టీలు కాలువలవంటివి. వీనికే ఏనుగుల నడవలని పేరు. చెరువులనెన్నింటిని కాపాడినను కాలువలు పూడినచో వరుస చెడును. అట్లే అభయారణ్యములనెన్నింటిని ప్రకటించినను నడవలు లేనిచో ఏనుగులు పొలములమీదికి తెగిపడును.

తెలుగునాట దీనికి చిత్తూరు జిల్లాయే సాక్ష్యము. సుమారు రెండువందల ఏండ్లు ఆ ప్రాంతమున అడవి ఏనుగు జాడ లేదు. 1980వ దశకమున తమిళనాడులోని హోసూరు, కర్ణాటక సరిహద్దు అడవులనుండి మందలు కుప్పము, పలమనేరు వైపునకు దిగినవి. 1990లో సుమారు 357 చదరపు కిలోమీటర్ల మేర కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. అయితే అది సన్నని పట్టీవంటిది. ఇరుప్రక్కల పల్లెలును పైరులును. మంద ఏ ప్రక్కకు తిరిగినను ఒకరి చెరకుతోటయో, వరిమడియో, అరటితోటయో ఎదురగును. కందకములు త్రవ్విరి, సౌరవిద్యుత్తు కంచెలు నాటిరి. ఏనుగు తెలివిగలది, చెట్టుకొమ్మ విరిచి కంచెపై వేసి దాటును, కందకపు గట్టును కాలితో కూల్చి దిగును. పైరు పోయినవాని కోపమును తప్పు పట్టరాదు. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వము శిక్షణపొందిన నాలుగు కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశమునకు ఇచ్చినది. వానికై పలమనేరు చెంత ముసలిమడుగులో శిబిరము కట్టిరి. కుంకీలు అడవి ఏనుగును ఈనాడు తరుమగలవు; రేపు అది పోవలసిన చోటు ఏదియో అవి చెప్పలేవు.

ఉత్తరాంధ్రమున ఒడిశానుండి దిగిన మందల కథయు ఇట్టిదే. 2023 మే నెలలో పార్వతీపురం మన్యం జిల్లాలో నాలుగు ఏనుగులు విద్యుదాఘాతముచే ఒక్కచోటనే కూలినవి. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి ముందు అన్నమయ్య జిల్లా అడవిలో కాలినడకన పోవుచున్న యాత్రికులపై మంద పడి ముగ్గురు మరణించిరి. దేశము మొత్తముమీద ఏటా సుమారు 500 మంది ఏనుగులవలన ప్రాణములు కోల్పోవుచున్నారు. అట్లే రైళ్ళు, విద్యుత్తీగెలు, వేటవలన ఏనుగులు కూలుచున్నవి. 2010 సెప్టెంబరులో పశ్చిమ బెంగాలు జల్పాయిగురి జిల్లాలో ఒక సరకుబండి క్రింద ఏడు ఏనుగులు ఒక్కరాత్రి నలిగిపోయినవి. పట్టాలు వేసినవారికి అక్కడ ఒక నక్షాబాట ఉన్నదని ఎవరును చెప్పలేదు కాబోలు.

తెగిన బాటను మరల కలుపవచ్చునా? కలుపవచ్చును, కలిపినవారు ఉన్నారు. కేరళ రాష్ట్రమందలి వయనాడులో తిరునెల్లికిని కుద్రకోటకును నడుమ ఏనుగుల దారిలో నాలుగు చిన్న పల్లెలు ఉండెను. రాత్రులు నిద్రలేక, పైరు దక్కక విసిగిన ఆ కుటుంబములతో స్వచ్ఛందసంస్థలవారు ఏండ్ల తరబడి మాటలాడి, వారి ఇష్టప్రకారము వేరొకచోట ఇండ్లును భూములును ఇప్పించిరి. ఖాళీయైన నేలను 2015లో అటవీశాఖకు అప్పగించిరి. వెళ్ళినవారికి నిద్ర దక్కినది, ఏనుగులకు దారి దక్కినది. హరిద్వారముచెంత గంగకు ఇరువైపులనున్న చీలా, మోతీచూరు అడవుల నడుమ రైలుదారియు, రహదారియు, ఊరును అడ్డుపడి ఏనుగుల రాకపోకలు దాదాపు నిలిచినవి. అక్కడ ఊరివారికి పునరావాసము కల్పించి, రహదారిని వంతెనగా ఎత్తి క్రింద దారి విడుచుటకు పూనుకొనిరి. నీలగిరులలో సిగూరు పీఠభూమిపై ఏనుగుల దారిలో విడుదులు కట్టుకొన్నవారు న్యాయస్థానమునకు ఎక్కిరి. 2020 అక్టోబరు 14న సుప్రీంకోర్టు ఏనుగుల నడవను సమర్థించుచు తీర్పు చెప్పినది. ఆఫ్రికా ఖండమున కెన్యా పర్వతపు అడవికిని, దాని ఉత్తరమునగల బయళ్ళకును నడుమ రహదారి అడ్డుకాగా, దారి క్రింద సొరంగమువంటి మార్గమును కట్టిరి. 2011 ఆరంభమున మొదటి ఏనుగు దానిగుండా నడచిపోయినది.

భారత ప్రభుత్వము 1992లో ఏనుగుల సంరక్షణకు ప్రత్యేక పథకమును ప్రారంభించినది; 2010లో ఏనుగును జాతీయ వారసత్వ జంతువుగా ప్రకటించినది; 2023లో దేశమందలి 150 నడవలను గుర్తించి ప్రకటించినది. గుర్తించుట సగము పని. మిగిలిన సగము నేలమీద జరుగవలెను. చెట్లు నరికినచోట స్థానికమైన వెదురును, గడ్డిని, మేతచెట్లను పెంచుట, మేతను మ్రింగివేయు పరదేశపు పొదలను పెరుకుట, వేసవిలో నీరు నిలుచు కుంటలను త్రవ్వుట, వ్రేలాడు విద్యుత్తీగెలను ఎత్తుట, కొత్త గనులకు ఆ పట్టీలో తావీయకుండుట. ఇవియే ఆ పనులు. ఏనుగు నడచిన దారివెంట దాని పేడతో గింజలు పడి చెట్లు మొలచును. దారి నిచ్చినవానికి అది అడవినే తిరిగి ఇచ్చును.

ఇక అసలైన చిక్కును చెప్పవలెను. దానిని దాచి మంచిమాటలు చెప్పినచో ఈ సభకు ద్రోహము చేసినట్లగును. నక్షాలో గీత గీయుట కలముతో పని. ఆ గీత ఎవరి పోడుమీదినుండి పోవుననుట ప్రాణముతో పని. 2025 మే 30న తెలంగాణ ప్రభుత్వము 49వ నంబరు జీవో ద్వారా కుమురం భీం జిల్లా అడవులను, కవ్వాలుకును మహారాష్ట్రలోని తాడోబాకును నడుమ పులుల రాకపోకలకై, సంరక్షణ ప్రాంతముగా ప్రకటించినది. 2024లో ఆ యేనుగు వచ్చినదియు ఆ జిల్లాకే. ఉద్దేశము మంచిదే. కాని తమను అడుగకయే గీత గీసిరని, తమ పోడుభూములకు ముప్పు వచ్చునని ఆదివాసులు ఎదురుతిరిగిరి. జులై 21న ప్రభుత్వము ఆ ఉత్తర్వును నిలుపుదల చేసినది. నీటికి, అడవికి, భూమికి పోరాడి 1940లో ప్రాణమిచ్చిన భీము పేరు పెట్టిన గీత, ఆయన జనులను అడుగక గీయబడుట ఎంత విచారకరము!

దీనివలన నేర్వదగినది ఏమి? పులిగాని ఏనుగుగాని అక్కరలేదని కాదు. తిరునెల్లిలో గీత నిలిచినది, ఇక్కడ నిలువలేదు. ఏలయన, అక్కడ ముందు మాట, తరువాత గీత. ఇక్కడ ముందు గీత, తరువాత మాట. 1996 నాటి పెసా చట్టము ఏజెన్సీ గ్రామములలో గ్రామసభకు పెద్దపీట వేసినది. వన్యప్రాణులకై అడవినుండి జనులను కదల్పవలసివచ్చినచో గ్రామసభ తెలిసి ఒప్పుకొనవలెనని 2006 నాటి అటవీహక్కుల చట్టము చెప్పుచున్నది. ఇవి ఏనుగులకు శత్రువులు కావు. బాటవలన నష్టపోవువాని సంతకము లేని నక్షా ఏనాటికిని నిలువదు. పైరు తిన్నందుకు పరిహారము పంటకోతకు ముందే చేతికి రావలెను. ఏండ్ల తరబడి కచ్చేరీల చుట్టు తిరిగినచో ఆ రైతు మనస్సున ఏనుగుపై పగ తప్ప మరేమి మిగులును? కెన్యాలో చేను చుట్టును గుంజలు నాటి, తీగెకు తేనెపెట్టెలు వ్రేలాడదీయుదురు. ఏనుగు తీగెను తాకగానే ఈగలు లేచును, ఏనుగు వెనుదిరుగును. రైతునకు తేనెయు దక్కును. ఇట్టి ఉపాయములు పేదవానికి అందునవి.

గంగారమునకు వత్తము. పాకాల అడవినుండి ఏటూరునాగారము వరకు, గోదావరి దాటినచో ఇంద్రావతి అడవుల వరకు, ఒకప్పుడు పచ్చని చాప పరచినట్లుండెను. నేడు ఆ చాపకు చిరుగులు పడినవి. అయినను పూర్తిగా తెగిపోలేదు. 2024 డిసెంబరులో గోదావరి ఆవలనుండి పెద్దపులి ములుగు జిల్లా అడవులలోనికి వచ్చి తిరిగినది. దారి మిగిలియున్నదనుటకు అంతకంటె సాక్ష్యమేల? గడ్చిరోలిలోని ఏనుగులు గోదావరి దరికి ఎప్పుడైన వచ్చునో రావో చెప్పుటకు ఎవ్వరును జ్యోతిష్కులు కారు. వచ్చిననాడు చింతలమానేపల్లి రైతునకు జరిగినది ఇక్కడివారికి జరుగరాదు. రానిచో, అడవిదున్నకును, దుప్పికిని, పులికిని ఆ దారియే కావలెను.

అందుకు ఊరు చేయగలిగిన పనులు కొన్ని కలవు. అడవిపందులకని చేలచుట్టు విద్యుత్తీగె వేయు దుర్మార్గమును మానవలెను. ఆ తీగెకు పంది యేది, ఏనుగేది, పొరుగువాని కొడుకు ఏడని తెలియదు. ఏనుగు కనబడినచో గుమిగూడి తరుమక, సెల్‌ఫోనులతో వెంటబడక, దూరము తొలగి అటవీశాఖకు తెలుపవలెనని పిల్లలకు చెప్పవలెను. ఈ గ్రంథాలయమున ఒక అడవిచిట్టా తెరువవలెను. ఏ వాగుదగ్గర ఏ జంతువు జాడ, ఏ నెలలో, ఏ దిక్కునకు పోయినది, చూచినవారు ఎవరు. ఇంతమాత్రము వ్రాసిన చాలును. పశువులు కాయువారికిని, తునికాకు ఏరువారికిని, ఇప్పపూలకు పోవు తల్లులకును తెలిసినంత మరెవ్వరికిని తెలియదు. కౌటిల్యుడు కావలివారిచే వ్రాయించుమన్న లెక్క ఇదియే. రేపు అధికారులు నక్షాతో వచ్చిననాడు, ఊరు తన చిట్టాతో వారికి ఎదురుగా కూర్చుండగలుగును. అప్పుడు గీయు గీత ఇద్దరి చేతులతో గీసినదగును.

పగిడిద్దరాజు దారికి అడ్డము కట్టరాదని ఈ ప్రాంతపు పిల్లవానికి ఎవరును చట్టము చదివి చెప్పలేదు. తాతలు నడచిరి, తండ్రులు నడచిరి, ఆ దారి విడువవలెనని వానికి తెలియును. నోరులేని జంతువుల దారికిని అట్టి మర్యాద కలుగునుగాక! గ్రంథాలయము మరి ఇరువదియైదేండ్లు గడచి స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి, ఈ అడవిచిట్టా పాతబడి అంచులు నలిగి, పలువురి చేవ్రాళ్ళతో నిండియుండునుగాక!

స్వస్తి.